శనివారం దాకా గడువుండె

తొమ్మిదేండ్ల సంది ఒక అబద్ధాన్ని మోస్తున్న. పెద్దదేం కాదు. "గడువు అయిపోయింది బిడ్డా." మూడే మాటలు. అనడానికి రెప్పపాటు పట్టింది. ఇయ్యాల మీకు చెప్పనీకి మాత్రం వారం దినాల సంది కాయిదం ముందర కూసుంటున్న, లేస్తున్న, మల్ల కూసుంటున్న.

మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పకుండ ఒప్పుకునుడంటే సగం దాసుకునుడే గదా అని మీరంటే కాదనను. కని ఆ సగమన్న చెప్పనియ్యండ్రి.

మాది ఇచ్చోడ దగ్గర పల్లె. డిగ్రీ కాలేజీల పాఠం చెప్తా. ఇప్పుడు మా ఆదిలాబాద్ దిక్కే పనిచేస్తున్న గని, ఈ ముచ్చట జరిగిననాడు కరీంనగర్ దిక్కు ఒక చిన్న టౌన్ల, సర్కారు కాలేజీల గెస్ట్ లెక్చరర్‌ని. గెస్ట్ అంటే ఏడాదికేడాది బతుకు. పిల్లలుంటే క్లాసుంటది, క్లాసుంటే మనం ఉంటం. నేను చెప్పేది న్యూట్రిషన్, అంటే పోషకాహార శాస్త్రం. న్యూట్రిషన్, కెమిస్ట్రీ, కంప్యూటర్స్ కలిపి ఆ ఏడే కొత్త గ్రూపు తెచ్చిన్రు. పదిహేనుమంది చేరకపోతే ఎత్తేస్తమని ప్రిన్సిపాల్ సారు ముందే చెప్పిండు. మా ఆయన అప్పుడే దుబాయ్‌ల కంపెనీ మూతపడి తిరిగొచ్చి ఇంట్ల కూసున్నడు. మా పాపకు మూడేండ్లు.

ఇవన్ని ఎందుకు చెప్తున్న? మీరు జాలి పడాల్నని కాదు. లేకపోతే అందుకేనా? నాకే తెల్వదు. నా లెక్కనే గెస్ట్‌గ ఉన్నోళ్లు ఇంక ఆరుగురు ఉండిరి ఆ కాలేజీల. వాళ్ల ఇండ్లల్ల కూడ ఆపతులుండె. వాళ్లెవ్వరు నేను చేసిన పని చెయ్యలే.

ఫస్టియర్‌ల చేరే పిల్లలకు మెంటర్ అని ఒకరిని పెడ్తరు. ఏ గ్రూపు చదివితే ఏ నౌకరీకి పోవచ్చు, ఏ పరీక్ష రాయచ్చు, నచ్చకపోతే ఎప్పటిదాక మార్చుకోవచ్చు, ఇదంత చెప్పుడు మెంటర్ పని. ఇంట్ల డిగ్రీ మొఖం చూసినోళ్లు ఒక్కరు లేని పిల్లలకు ఆ మెంటర్ చెప్పిందే మాట. ఆమె కుడి అంటే కుడి. ఎడమ అంటే ఎడమ. నాకు ముప్పైమందిని ఇచ్చిన్రు. అండ్ల ఒకతి రజిత. అసలు పేరు వేరే. రజిత అనుకోండ్రి.

వాళ్ల బాపు సాంచాల మీద పనిచేస్తడు. కరెంటు మగ్గాలను ఆ దిక్కు సాంచాలు అంటరు. అవ్వ బీడీలు చేస్తది. రజిత ఇంటర్‌ల బైపీసీ చదివి వచ్చింది. అడ్మిషన్ నాడు అప్లికేషన్ పట్టుకొని నా బల్ల ముందట నిలవడ్డది. ఏం కావాల్ననుకుంటున్నవు బిడ్డా అంటే తడుముకోకుండ చెప్పింది. "బయాలజీ టీచర్‌ని అయిత మేడం. హైస్కూల్ల."

ఆ పిల్లకు బాటనీ, జువాలజీ ఉన్న గ్రూపు రాయాలె. అది నాకు తెలుసు. హైస్కూల్ల బయాలజీ టీచర్ పోస్టుకు డిగ్రీల ఆ సబ్జెక్టులు చూస్తరని తెలుసు. వెనుకటి నోటిఫికేషన్ నా కండ్లతోని చదివిన్న. కని ఆ పొద్దటికి నా గ్రూపుల పద్నాలుగు పేర్లున్నయి.

"అన్ని సైన్సే గద బిడ్డా," అన్న. "ఇది కొత్త గ్రూపు, కంప్యూటర్ కూడ వస్తది. దీంతోని గూడ బీఈడీ చేయచ్చు."

అది పచ్చి అబద్ధం కాదు. బీఈడీ సీటు దొరుకుతది. పోస్టే దొరకది. ఆ సగం చెప్పలే. ఆ పిల్ల నా మొఖం చూసింది, తల ఊపింది, నేను చూపెట్టిన కాడ టిక్కు పెట్టింది. పదిహేనో పేరు పడ్డది. ఆ రోజు సంబురంగ ఇంటికి పోయిన్న. నిజం చెప్తున్న, సంబురంగనే పోయిన్న.

అక్కడికి ఆగినా, తప్పుడు సలహా ఇచ్చిన్న అని చెప్పుకొని బతికేదాన్ని. సలహాలు తప్పుతయి. లెక్చరర్లు మనుషులే.

క్లాసులు మొదలై రెండు వారాలైంది. గ్రూపు మార్చుకోవాల్ననుకునే పిల్లలు ఆ శనివారం సాయంత్రంలోపు దరఖాస్తు ఇయ్యాలె అని నోటీసు వచ్చింది. ఫస్టియర్ మెంటర్లలో ఒకదాన్ని గనుక బోర్డుకు అంటించుమని ప్రిన్సిపాల్ సారు నా చేతికిచ్చిండు. అది మంగళవారం. ఒక్కరు మారినా నా గ్రూపు పద్నాలుగుకు పడ్తది. హాజరు రిజిస్టర్ల పెట్టుకున్న. తర్వాత అంటిస్త అనుకున్న. బుధవారం కూడ తర్వాత అనే అనుకున్న. అట్ల అనుకునుడు ఎంత అల్కగ ఉంటదో మీకు ఎరుకే ఉంటది.

గురువారం, మధ్యాహ్నం బువ్వ తిని స్టాఫ్ రూంల ఒక్కదాన్నే కూసున్న. రజిత వచ్చింది. ఉరికొచ్చినట్టుంది, ఆయాసపడుతున్నది.

"మేడం, నేను గ్రూపు మార్చుకోవచ్చా? మా గల్లీల ఒక అక్క బీఈడీ చేసింది. ఆమె చెప్పింది, బాటనీ, జువాలజీ లేకపోతే టీచర్ పోస్టుకు పనికిరాదట."

రిజిస్టర్ నా ముందట బల్ల మీదనే ఉంది. నోటీసు అండ్లనే ఉంది.

"సోమవారమే వద్దామనుకున్న మేడం," అన్నది. "మా అవ్వకు జెరం వచ్చింది. ఆమె బీడీలు నేను చేసి అప్పజెప్పేసరికి ఇయ్యాలైంది."

అప్పుడన్న నేను. "గడువు అయిపోయింది బిడ్డా."

"ఎప్పుడు మేడం?"

"నిన్ననే."

నిన్ననే అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది నాకు? ఎవరు నేర్పిన్రు? ముందు అనుకున్నది కాదు. నా చెవులే విని జడుసుకున్నయి. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కని ఏడ్వలే. "నాదే ఆలస్యం మేడం," అన్నది. నేను "ఫికర్ చేయకు, ఇది గూడ మంచి గ్రూపే" అన్న. భుజం మీద చెయ్యి గూడ వేసిన. ఆ చెయ్యిని ఇప్పుడు చూసుకుంటె నాకు పరాయిదోలె కొడ్తది.

శనివారం నాడు ఆఫీసు మూసిన తర్వాత నోటీసు తీసుకపోయి బోర్డుకు, తేదీ మీద ఇంకో కాయిదం అంచు పడేటట్టు అంటించిన. సోమవారం చూసినోళ్లకు, ఇది ఎన్నడో అంటించిన్రు, మేమే చూడలే అనిపిస్తది గద. ఆ నోటీసు సకాలంల చూసుంటె మార్చుకునేటోళ్లు ఇంకెందరుండెనో. రజిత ఒక్కతేనా? ఆ ప్రశ్న నేను ఇన్నేండ్లు వేసుకోలే. మొన్న మొన్ననే వేసుకున్న.

మెంటర్ పుస్తకంల ఆ పిల్ల పేరు కింద "విద్యార్థిని ఇష్టప్రకారం గ్రూపు ఎంచుకున్నది, తగిన సలహా ఇవ్వడమైనది" అని రాసి సంతకం పెట్టిన. ఆ మరుసటేడు కాలేజీ తనిఖీకి వచ్చినోళ్లు ఆ పుస్తకాలు తిరగేసి, నా రాత ముత్యాలోలె ఉందని, పిల్లల గురించి ఇంత శ్రద్ధ ఎక్కడ చూడలేదని మెచ్చుకున్నరు. చప్పట్లు కొట్టిన్రు. నేను దండం పెట్టిన.

రజిత మంచిగ చదివింది. ఫస్ట్ క్లాసు వచ్చింది. పోయేటప్పుడు నాకు పెన్ను ఇచ్చి పోయింది. కొన్ని రోజులకు నేను పరీక్ష రాసి పర్మనెంట్ అయిన, ఆదిలాబాద్ దిక్కు వచ్చేసిన. మరిచిపోయిన అనుకున్న.

పోయినేడు టీచర్ పోస్టులకు సర్టిఫికెట్లు చూసుడు పెట్టిన్రు. మా ఆడబిడ్డది మెట్‌పల్లి. ఆమె బిడ్డకు తెలుగు పోస్టుల ర్యాంకు వచ్చింది. పిల్ల పరేషాన్‌ల ఉంది, తోడు రా వదినా అంటె పోయిన. జిల్లా కేంద్రంల ఒక హైస్కూలు. సబ్జెక్టుకొక గది. మా పిల్ల లోపలికి పోయింది. నేను వరండాల బెంచీ మీద కూసున్న.

పక్కగదిల నుంచి ఒకామె బయటికొచ్చింది. ఫైలు మూయకుండనే పట్టుకుంది. కాయిదాలు ఒక్కొక్కటి జారి పడుతున్నయి, ఆమెకు సోయి లేదు. ఒకటి నా కాళ్ల కాడ పడితె తీసి ఇచ్చిన. ఆమె తల ఎత్తింది.

"మేడం!"

నేను గుర్తుపట్టిన. గుర్తుపట్టకుంటె బాగుండు అని గూడ అనుకున్న.

"దేవుడు తోలినట్టు వచ్చిన్రు మేడం. జర లోపలికి రాండ్రి. నాది సైన్సే అని మీరు చెప్పండ్రి. పరీక్ష రాయనిచ్చిన్రు, ర్యాంకు ఇచ్చిన్రు, ఇప్పుడు నన్ను తీసేస్తున్నరు మేడం!"

నా మణికట్టు పట్టుకొని గుంజుకపోయింది. బల్ల ఎనుక పెద్దాయన ఒకరు కూసున్నడు. కండ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకొని నిదానంగ చెప్పిండు. "మేడం, నాకు గూడ బాధనే ఉంది. మంచి ర్యాంకు వచ్చింది ఈ అమ్మాయికి. కని డిగ్రీల బాటనీ లేదు, జువాలజీ లేదు. రూల్ ఇట్ల రాసి ఉంది. నా చేతిల ఏముంది?" రజిత దిక్కు తిరిగిండు. "ఫస్టియర్‌లనే మార్చుకోవాల్సి ఉండె గదమ్మా. మీ కాలేజీల చెప్పేటోళ్లు ఎవ్వరు లేకుండెనా?"

"ఉండిరి సార్. మా మేడమే," అన్నది రజిత. "నేనే ఆలస్యంగ పోయిన. అప్పటికే గడువు అయిపోయింది. గదా మేడం?"

ఇద్దరు నా దిక్కు చూసిన్రు.

నేను తల ఊపిన. అవును అన్నట్టు.

మీరు చదివింది నిజమే. ఎనిమిదేండ్ల తర్వాత, ఆ పిల్ల బతుకు నా కండ్ల ముందట కూలుతుంటె, నా నౌకరీకి ఏ ఆపతి లేనప్పుడు, ఎవ్వరు నన్ను ఏమీ అడగలేనప్పుడు, మల్ల అదే అబద్ధం చెప్పిన. మొదటిసారికి ఆకలి అని, భయం అని ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. ఈ తల ఊపుడుకు ఏం పేరు పెట్టాలె? ఆనాటి దాక నేను మంచిదాన్నే, ఒక్కసారి జారిన్న అనుకుంటుండె. ఆ గదిల నాకు నేను కొత్తగ కనవడ్డ. ఇసొంటిదాన్నా నేను? ఆ దిగ్భ్రమ నుంచి నేను ఇంక బయటికి రాలే.

ఈ జూన్‌ల మల్ల నాకు ఫస్టియర్ మెంటర్ పని ఇచ్చిన్రు. ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసు అయిపోయినంక నా ఎంబడి వచ్చి, "మేడం, గ్రూపు మార్చుకోవచ్చా?" అని అడిగింది. నాకు గొంతు రాలే. నిజంగనే రాలే. ఆ పిల్ల బెదిరిపోయి నీళ్లు తెచ్చిచ్చింది. గడువు తేదీ ఒక చీటీ మీద రాసి ఆమె చేతిల పెట్టిన. ఆ ఐతారం సెలవు నాడే బస్సెక్కి రజిత వాళ్ల ఊరికి పోయిన.

సాంచాల చప్పుడు గల్లీ మొగల నుంచే వినవడుతున్నది. వాళ్ల అవ్వ గడప కాడ చాట ఒళ్లె పెట్టుకొని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్నది. నేనెవరో చెప్పంగనే లేవబోయింది. "అయ్యో మేడం, మా ఇంటికా! రాండ్రి, కూసోండ్రి. రజితా, కుర్చీ తే, మీ మేడం వచ్చింది!" రజిత ఇప్పుడు ఒక ప్రైవేటు బడిల చెప్తున్నది. పిల్లల పరీక్ష కాయిదాలు దిద్దుతున్నట్టుంది, వేళ్లకు ఎర్రసిరా ఉంది. నవ్వుకుంట కుర్చీ తెచ్చింది.

ఎట్ల మొదలు పెట్టాల్నో బస్సుల పొద్దంత అనుకున్న. ఒక్కటి గుర్తు రాలే. ఆ లోపు అవ్వనే మాట్లాడింది.

"మా పోరికి మీరంటె పానం మేడం. ఏం జేత్తం, దాని రాత గట్లుంది. ఆ మూడు దినాలు నాకు జెరం రాకపోతె నా బిడ్డ ఇయ్యాల సర్కారు టీచరమ్మ. ఇంటాయన ఇప్పటికీ అంటడు, నీ జెరమే పోరి కొంప ముంచింది అని. నవ్వుకుంటనే అంటడు. కని అంటడు గద."

ఇది నేను ఎన్నడు అనుకోలే. రజితకు అన్యాయం చేసిన్న అని తెలుసు. ఆ అబద్ధం ఈ ఇంట్లకు వచ్చి, ఈ తల్లి నెత్తి మీద కూసుందని, ఈమె తొమ్మిదేండ్లు తన జెరాన్ని తిట్టుకుంట బీడీలు చుట్టిందని నాకు తెల్వదు. నాకు చెవుల్ల గుయ్యిమన్నది. సాంచాల చప్పుడో, నా నెత్తురు చప్పుడో.

"జెరం వల్ల కాదవ్వా," అన్న. "గడువు ఉండె. శనివారం దాక ఉండె. ఈమె వచ్చింది గురువారం. నేను అబద్ధం చెప్పిన."

అవ్వ చేతుల కత్తెర ఆగింది. ఆమెకు అర్థం కాలే. బిడ్డ దిక్కు చూసింది. "ఏమంటున్నదే మేడం?"

రజిత నా దిక్కు చూసింది. ఆ మొఖంల కోపం వస్తే బాగుండు అనుకున్న. రాలే. ఎవరో తెల్వని మనిషిని చూసినట్టు చూసింది.

"మీకు అప్పుడు తెలుసా మేడం? గడువుందని?"

"తెలుసు."

"ఆ రోజు గదిల? సార్ అడిగినప్పుడు?"

"తెలుసు."

ఆమె తల్లి దిక్కు తిరిగింది. "నీ జెరం వల్ల కాదట అవ్వా," అన్నది. అంతే అన్నది. అవ్వ చాట పక్కకు పెట్టి కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది.

పై అధికారులకు రాసిస్త, ఎక్కడికి రమ్మంటె అక్కడికొచ్చి చెప్త అన్న. ఆ పోస్టులు నిండిపోయినయి మేడం, రూల్ మారదు గద అన్నది. లోపలికి పోయి నోటుబుక్కుల నుంచి ఒక తెల్లకాయిదం చింపుకొచ్చింది, పెన్ను ఇచ్చింది.

"నాకు చెప్పింది దీని మీద రాయండ్రి. ఆఫీసుకు కాదు. బాపు సాంచాల కాడ ఉన్నడు, రాత్రికి వస్తడు. ఆయనకు సదివి వినిపియ్యాలె."

కుర్చీల కూసొని తొడ మీద పెట్టుకొని రాసిన. నాలుగే లైన్లు. సంతకం పెట్టిన, తేదీ వేసిన. ఆమె తీసుకొని చదివింది. బడిపిల్లల కాయిదం చదివినట్టే, ఒక్కొక్క లైను మీద వేలు పెట్టుకుంట చదివింది. ఒక కాడ వేలు ఆగింది.

"ఇక్కడ 'పొరపాటున చెప్పాను' అని రాసిన్రు."

నేను చూసిన. అట్లనే రాసి ఉంది. రాసేటప్పుడు నాకు తెల్వనే తెల్వదు.

"పొరపాటా మేడం?"

కాయిదం మల్ల తీసుకున్న. ఆ మాట కొట్టేసిన. దాని మీద "తెలిసి" అని రాసిన. కొట్టేసిన కాడ గూడ సంతకం పెట్టిన.

ఆమె తీసుకున్నది. "ఇగ పోండ్రి మేడం," అన్నది. మర్యాదగనే అన్నది. అవ్వ తల ఎత్తలే. నేను చెప్పులేసుకొని గల్లీలకు వచ్చిన.

క్షమించమని అడగలే. అడిగే మొఖం లేకుండె, ఇప్పటికీ లేదు. ఆ పిల్ల నుంచి ఫోను రాలే, వస్తదని నేను చూస్తలేను. ఆ రాత్రి వాళ్ల బాపు ఆ కాయిదం విని ఏమన్నడో నాకు ఎరుక లేదు. బస్సుల కిటికీ పక్కన కూసున్నంక ఒక్కటి మాత్రం అయింది. కాయిదం మీద దిద్దిన ఆ మాట పైకి అన్న. పక్కసీటామె నా దిక్కు చూసింది గూడ. ఇప్పుడు మీకు అంటున్న. తెలిసి చేసిన. ఊపిరి లోపలిదాక పోతున్నది.